సిట్రిక్ ఆమ్లం కలిపిన కోబాల్ట్–మాలిబ్డినం ఉత్ప్రేరకం: మేలు చేస్తున్నది మిగిలిన కార్బనేనా?

ప్రశ్న (అడిగినవారు: గామా_గుళిక)

డీజిల్‌లోని గంధకాన్ని హైడ్రోజన్‌తో తొలగించే ఉత్ప్రేరకాలపై పరిశోధన చేస్తున్నాను. గామా అల్యూమినా గుళికల రంధ్రాలకు సరిపడినంత కోబాల్ట్, మాలిబ్డినం ద్రావణంలో సిట్రిక్ ఆమ్లం కలిపి పోసి, 120 డిగ్రీల వద్ద ఆరబెట్టాను. అప్పటికి గుళికలు ఉల్లిపొర రంగులో ఉన్నాయి. వాటిలో సగం అలాగే ఉంచి, మిగతా సగాన్ని గాలిలో 500 డిగ్రీల వద్ద కాల్చితే నీలంగా మారాయి. రెండింటినీ సల్ఫైడుగా మార్చి (సల్ఫైడింగ్), డీజిల్‌లో ఉండే గంధక సమ్మేళనం డైబెంజోథయోఫీన్‌తో పరీక్షించినప్పుడు, కాల్చనివి స్పష్టంగా మెరుగ్గా పనిచేశాయి; కాల్చినవి సిట్రిక్ ఆమ్లం కలపని ఉత్ప్రేరకంతో సమానంగానే ఉన్నాయి. కాల్చని గుళికల్లో సల్ఫైడింగ్ తరువాత కూడా కొంత కార్బన్ మిగిలింది కనుక ఫలితం దానిదేనని మా గైడ్ అంటున్నారు. ఉత్ప్రేరకాన్ని చంపేది దానిపై పేరుకునే కార్బన్, అంటే కోక్, అని చదువుకున్న నాకు, అదే కార్బన్ ఇక్కడ మేలు ఎలా చేస్తుందో అర్థం కావడం లేదు. దయచేసి వివరించగలరు.

జవాబు 1 (అంచు_పరమాణువు)

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి: సిట్రిక్ ఆమ్లం బతికి ఉండగా చేసే పని ఒకటి, అది విచ్ఛిన్నమై కార్బన్‌గా మిగిలాక చేసే పని మరొకటి.

మొదటిదే ప్రధానమని నా అభిప్రాయం. ఈ ఉత్ప్రేరకంలో చురుకైన స్థానాలు మాలిబ్డినం డైసల్ఫైడ్ పలకల అంచుల్లో ఉంటాయి. కోబాల్ట్ ఆ అంచులపై కూర్చుంటేనే పనికొస్తుంది. దీన్ని హెన్రిక్ టాప్సో బృందం కోబాల్ట్–మాలిబ్డినం–సల్ఫర్ దశగా గుర్తించింది. చిక్కేమిటంటే, మామూలుగా కోబాల్ట్ మాలిబ్డినం కంటే ముందే సల్ఫైడుగా మారుతుంది. కూర్చోవడానికి అంచు ఇంకా తయారు కాకపోవడంతో విడిగా గుంపు కట్టి వృథా అవుతుంది. ఈడీటీఏ, ఎన్‌టీఏ వంటి కీలేటింగ్ (లోహాన్ని చుట్టి బంధించే) పదార్థాలు కోబాల్ట్‌ను గట్టిగా పట్టుకొని, పలకలు ఏర్పడిన తరువాతే విడుస్తాయి. సిట్రిక్ ఆమ్లం పట్టు అంత బలమైనది కాదు, కానీ అది మాలిబ్డినాన్ని కూడా పట్టుకొని అల్యూమినాతో గట్టి బంధం ఏర్పడకుండా అడ్డుకుంటుంది. ఆ బంధాలు తక్కువగా ఉంటే సల్ఫైడింగ్ పూర్తిగా జరిగి, ఎక్కువ చురుకుదనం గల రెండవ రకం స్థానాలు ఏర్పడతాయి.

మీ గుళికలు నీలంగా మారడమే దీనికి సాక్ష్యం. 500 డిగ్రీల వద్ద ఆమ్లం కాలిపోయింది, కోబాల్ట్‌లో కొంత అల్యూమినాలోకి ఇంకిపోయింది. ఆ నీలం అక్కడ ఇరుక్కున్న కోబాల్ట్ రంగే.

మిగిలిన కార్బన్ విషయానికి వస్తే, అది అల్యూమినాపై పలుచని పూతలా పరుచుకొని పలకలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా చూస్తుందని ఒక వాదన. పలకల అంచుల్లో కొంత సల్ఫర్ స్థానాన్ని కార్బన్ ఆక్రమిస్తుందని చియానెల్లి, బెర్హో వంటివారు ప్రతిపాదించారు. ఆ కార్బన్‌కూ, రంధ్రాలను మూసి అంచులను కప్పే కోక్‌కూ పేరొక్కటే అయినా, అవి ఉండే చోటు, పరిమాణం వేరు.

జవాబు 2 (హైడ్రోట్రీటర్_విశ్రాంతి)

డీజిల్‌లోని గంధకాన్ని హైడ్రోజన్‌తో తొలగించే హైడ్రోట్రీటర్ యూనిట్‌లో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా రెండు మాటలు చెబుతాను.

సిట్రిక్ ఆమ్లం వంటి సంకలితం ఉన్న ఉత్ప్రేరకాన్ని వేడి హైడ్రోజన్‌తో ముందుగా ఆరబెట్టకూడదు. పాత అలవాటు కొద్దీ మా యూనిట్‌లో ఒకసారి అలాగే చేశారు. సల్ఫర్ అందకముందే సంకలితం విచ్ఛిన్నమై, ఆ రన్ మొదటి రోజు నుంచే అనుకున్నదానికంటే ఎక్కువ ఉష్ణోగ్రత అడిగింది. మీరు చూసిన తేడాను మేము ఆ రన్ పొడవునా ఇంధన ఖర్చులో చూశాం.

రెండవది మీ పరీక్షా పదార్థం గురించి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్–6 ప్రకారం డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం దాటకూడదు. అంతకుముందు బీఎస్–4లో అది 50. ఆ చివరి కొద్ది పీపీఎంలో తిష్ఠ వేసేది డైబెంజోథయోఫీన్ కాదు, సల్ఫర్‌కు రెండు పక్కలా మిథైల్ గుంపులు అడ్డుగా నిలిచిన 4,6–డైమిథైల్ డైబెంజోథయోఫీన్. దానిపై కూడా లాభం కనిపిస్తేనే మీ ఫలితానికి మా దృష్టిలో విలువ.

గామా_గుళిక

ఇద్దరికీ ధన్యవాదాలండి. అయితే రెండు పనులను ప్రయోగంలో విడదీయడం ఎలా? అల్యూమినాకు బదులు పూర్తిగా కార్బన్‌నే లోహాలను మోసే ఆధారంగా వాడితే తేలిపోతుందా?

జవాబు 3 (అంచు_పరమాణువు)

ఉత్తేజిత కార్బన్‌పై మాలిబ్డినం సులభంగా సల్ఫైడుగా మారుతుంది, నిజమే. కానీ ఆధారమే మారినప్పుడు రంధ్రాలు, లోహాల విస్తరణ అన్నీ మారతాయి కనుక అది సరైన పోలిక కాదు. పైగా కోక్‌ను కాల్చి పునరుద్ధరించబోతే ఆధారం కూడా కాలిపోతుంది. పరిశ్రమ అల్యూమినాను వదలకపోవడానికి అదొక కారణం.

మీ నీలి గుళికలకే మళ్లీ సిట్రిక్ ఆమ్ల ద్రావణం పోసి, కాల్చకుండా ఆరబెట్టి చూడండి. పక్కన మరో భాగానికి, అంతే కార్బన్ మిగిలేలా, కోబాల్ట్‌ను గట్టిగా పట్టుకోని చక్కెర ద్రావణం పోయండి. రెండూ సమానంగా మెరుగుపడితే మీ గైడ్ గారి వాదనకు బలం వస్తుంది. మిగిలిన కార్బన్‌ను మాత్రం గాలిలో వేడిచేసి బరువు తగ్గుదలతో లెక్కించకండి. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఆక్సైడుగా మారేటప్పుడు 160 భాగాలు 144 అవుతాయి, ఆ తగ్గుదల కూడా కార్బన్ ఖాతాలో పడుతుంది. వెలువడే కార్బన్ డయాక్సైడ్‌నే కొలవండి.