కీప్యాడ్ ఫోన్ల వాళ్లందరినీ ఒకే కాల్‌లో కలపడం ఎలా?

మాది కనిగిరి దగ్గర పల్లె. అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్, ప్రతిసారీ నాలుగు గంటలు. మొదట్లో బాగా బెంగపడితే పక్క మంచాల వాళ్లే ధైర్యం చెప్పి నిలబెట్టారు. దాహమేస్తే నీళ్లు తాగకుండా చిన్న ఐసు ముక్క చప్పరించమని నేర్పింది కూడా వాళ్లే. ఆ మేలు మరువలేం.

పోయిన నెల షిఫ్టులు మారి తలా ఒక పూటకు పడ్డారు. అప్పట్నుంచి అమ్మ అన్నం సరిగా తినడం లేదు, "ఇంకెందుకురా ఇదంతా" అంటోంది. పాత షిఫ్టు అడిగితే ఖాళీ లేదన్నారు. వాట్సాప్ గ్రూపు పెడదామంటే ఆ నలుగురివీ కీప్యాడ్ ఫోన్లే.

నా ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి కాన్ఫరెన్స్ కాల్ కలిపితే ఇద్దరి వరకు బాగానే ఉంది. మూడో నంబరు కలపబోతే మెర్జ్ బటన్ పనిచేయదు, ముందున్న వాళ్లు హోల్డులో పడిపోతారు. సిమ్ మార్చి చూశాను, ఫోన్ రీస్టార్ట్ చేశాను, అంతే.

వాళ్లు ఫోన్ ఎత్తితే చాలు, నలుగురూ అమ్మతో ఒకేసారి మాట్లాడేలా కలపడానికి నేను ఏం చేయాలి?