‘అందందే గలడు’: డిటెక్టర్ల పరీక్షకు ఈ పద్యం పొసగుతుందా?

ప్రశ్న: కంటెయినర్లలో దాచిన యురేనియాన్నీ ప్లుటోనియాన్నీ పసిగట్టే డిటెక్టర్లకు పరీక్షా సన్నివేశాలను ఆంటాలజీతో, అంటే వస్తువుల తరగతులనూ వాటి సంబంధాలనూ కంప్యూటర్‌కు నిర్వచించి చెప్పే నమూనాతో, ఎలా రూపొందిస్తారో వివరిస్తూ వ్యాసం రాస్తున్నాను. అణుపదార్థం, దాన్ని కప్పిన సీసం, పక్కనున్న సరుకు, మోసే వాహనం, వీటి మధ్య ఉండదగిన సంబంధాలు ముందుగా నిర్వచిస్తే, సాధ్యమైన కలయికలను కంప్యూటరే పేర్చి, జేబులో టన్ను సీసం వంటి అసాధ్యాలను తోసిపుచ్చుతుంది. శీర్షికగా పోతన ప్రహ్లాదుడి మాట పెట్టాలని ఉంది. ‘అందందె గలడు’ అనాలా, ‘అందందే’ అనాలా?

సమాధానం: ‘అందందే’. నందం–దేగల–డుదాన–వాగ్రణి–వింటే అని కందపాదం నడుస్తుంది. ‘దె’ హ్రస్వమైతే రెండో గణంలో ఒక మాత్ర తగ్గుతుంది. అయితే అర్థం కుదరదు. సర్వోపగతుడు చక్రి గాని ప్లుటోనియం కాదు. అంతటా కనిపించేది పొటాషియం-40 అనే సహజ రేడియోధార్మిక పదార్థం: అది పొటాష్ ఎరువులోనూ అరటిపండ్లలోనూ ఉండి, డిటెక్టర్ చేత అకారణంగా గంట కొట్టిస్తుంది.

మరొకరు: మాస్టారూ, పద్యానికి ప్రాణం ‘ఎందెందు’ అనే ఆమ్రేడితంలో ఉంది. హిరణ్యకశిపుడు ఒక్క స్తంభాన్నే చూపి అడిగాడు. ఆంటాలజీ ఎరువుల బస్తా, గ్రానైట్ పలక, రేడియో అయొడిన్ చికిత్స పొందిన రోగి, ఇలా ప్రతి ‘ఎందు’నూ విడివిడిగా లెక్కలోకి తెస్తుంది. నన్నడిగితే, ఆ పక్కనే ఉన్న ‘కలడంభోధి’ మత్తేభం ఇంకా తగినది. సముద్రం, గాలి, ఆకాశం, భూమి, అగ్ని అంటూ అది తరగతులనే పేర్చింది.

సమాధానం: ఆ మత్తేభం ‘వెదకంగా నేల’ అని ముగుస్తుంది. వెతకడమే పనిగా ఉన్న పరికరానికి ఆ మాట ఎలా నప్పుతుంది?

ఇంకొకరు: గజేంద్రుడి ‘కలడో లేడో’ తీసుకోండి. యురేనియం-235 ప్రధాన గామా కిరణాల శక్తి 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే కనుక, కొద్దిపాటి సీసం వాటిని చాలామటుకు ఆపేస్తుంది. పరీక్షల్లో అన్నిటికన్నా కఠినమైన సన్నివేశం అదే, అక్కడ ఆ ‘ఓ’ నిజమైన సంశయమే.

ప్రశ్న వేసినవారు: ఆ ‘ఓ’ సంశయమా, ఆర్తితో కూడిన నిష్ఠూరమా?

ఇంకొకరు: సంశయమే. వెంటనే వచ్చే సీసపద్యంలో ‘కలుగడే నాపాలి కలిమి సందేహింప’ అని గజేంద్రుడే అన్నాడు.

సమాధానం: ఆ ‘కలుగడే’లోని ‘ఏ’ నమ్మకాన్ని చెబుతోంది గదా! అక్కడ ‘సందేహింప’ను ‘కలిమి’తో అన్వయిస్తున్నారా, ‘కలుగడే’తోనా?