కొత్త టీమ్‌కి ఇంట్రో: అనుభవం ముందు చెప్పాలా, పని పద్ధతా?

అందరికీ నమస్తే. నేను వెబ్ డెవలపర్‌ని, అనంతపురంలో ఇంటి నుంచే పని. సోమవారం కొత్త టీమ్‌లో చేరుతున్నా, సగం మంది బెంగళూరు, సగం మంది జర్మనీ, మన మధ్యాహ్నం ఒకటిన్నరకి కాల్ అంటే ఇప్పుడు జర్మనీలో ఎండాకాలం టైం (గడియారం గంట ముందుకి జరుపుతారు) కాబట్టి అక్కడోళ్లకి పొద్దున పది. అందులో రెండు నిమిషాలు నా గురించి చెప్పాల, తర్వాత అదే రాసి టీమ్ చానెల్‌లో పెట్టాల.

ముందు రెజ్యూమేలో ఉన్నదే చెప్పి రికార్డ్ చేసుకుని విన్నా. నాకొచ్చిన కోడింగ్ టూల్స్ పేర్లు, పీహెచ్‌పీ, లారావెల్‌తో మొదలై రియాక్ట్, నోడ్ దాకా వచ్చేసరికే టైం అయిపోతాంది, పైగా కిరాణా చీటీ చదివినట్టుంది. ఏఐతో రాయిస్తే పొగడ్తలే గానీ నేను ఎట్లా పనిచేస్తానో ఒక్క ముక్క లేదు. పద్ధతులతో మొదలుపెట్టి ఫ్రెండ్‌కి వినిపిస్తే, వచ్చీ రాగానే షరతులు పెట్టినట్టుంది అన్నాడు.

నాకు మాత్రం టీమ్‌కి నిజంగా పనికొచ్చేది పద్ధతే అనిపిస్తాది. పుల్ రిక్వెస్టులు (నా కోడ్ మార్పులు చూసి కలపమని టీమ్‌కి పంపేవి) చిన్నవిగా పెడతా, ఏ పేజీ అయినా ముందు 360 పిక్సెల్ వెడల్పులో, అంటే ఫోన్ స్క్రీన్ అంతలో, చూసినాకే పెద్ద స్క్రీన్‌కి పోతా, ఎక్కడన్నా ఇరుక్కుంటే అరగంట నేనే వెతికి ఆ తర్వాత ఎర్రర్ లాగ్‌తో (ఏం తప్పు జరిగిందో సిస్టమ్ రాసుకున్న రికార్డు) సహా అడుగుతా, కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ మీదకి మారి వీడియో ఆపేస్తా. ఇవి ముందే తెలిస్తే వాళ్లకీ సులువు కదా.

ఇట్లా రెండు దేశాల టీమ్‌లో చేసినోళ్లు చెప్పండి, మొదటి అరనిమిషం దేనికి ఇయ్యాల, అనుభవానికా, పని పద్ధతికా?