మూడో ఉతుక్కే టీషర్టు మీది ఏనుగు తొండం బీటలు వారింది, ఏం చెయ్యను?

మాది విజయవాడ. కొండపల్లి అంబారీ ఏనుగుని రెండు రంగుల్లో గీసి, తిరుప్పూర్ నుంచి తెప్పించిన 180 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) నల్ల టీషర్టులు 30 మీద స్క్రీన్ ప్రింట్ వేయించాను. బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక షాపాయన "అమ్ముడైతేనే డబ్బులు" అని 10 పెట్టుకున్నాడు. తీరా నేను వేసుకున్నది మూడో ఉతుక్కే పగిలింది, గోటితో గీకితే పొలుసుల్లా రాలుతోంది. పరువు పోయేలా ఉందండీ.

ఈ ప్రింటుకి వాడిన ప్లాస్టిసాల్ (ప్లాస్టిక్ కలిసిన) ఇంకు బట్టకి పూర్తిగా పట్టాలంటే, అంటే క్యూరింగ్ అవ్వాలంటే, సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి అందాలి కదా. ప్రింటింగ్ అతను హీట్ గన్ అలా తిప్పి అయిపోయిందనిపించాడు. మిగిలినవి ఇప్పుడు హీట్ ప్రెస్‌లో పెడితే నిలుస్తాయా, వదులుకోవాల్సిందేనా? 25 ముక్కలకైనా సరిగ్గా క్యూరింగ్ చేసిచ్చేవాళ్లు గవర్నర్‌పేట వైపు ఎవరైనా ఉన్నారా? డీటీఎఫ్ (బొమ్మని ఫిల్మ్ మీద ప్రింట్ చేసి బట్టకి అతికించే పద్ధతి) మాత్రం చెప్పకండి, బెజవాడ ఎండకి ఆ అట్ట ఒంటికి అతుక్కుపోతుంది.