లాంగ్ వీకెండ్‌లో మ్యాచ్, సినిమా రెండూ ఎలా కుదురుతాయి?

మేం అయిదుగురం ఫ్రెండ్స్, వచ్చే లాంగ్ వీకెండ్‌కి కలుస్తున్నాం కానీ ప్లాన్ మాత్రం తేలట్లేదు. ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ నాకౌట్ మ్యాచ్ ఉంటే, అదే రాత్రి సినిమాకి టికెట్లు తీసేశారు మావాళ్లు, నన్ను అడక్కుండానే! "90 నిమిషాల ఆటేగా, అయ్యాక వెళ్దాం" అంటాడొకడు. మధ్యలో 15 నిమిషాల బ్రేక్, స్కోరు సమమైతే ఇంకో 30 నిమిషాలు, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు, అంతా కలిపితే మూడు గంటలకు దగ్గరవుతుందిరా అంటే నాది అపశకునం నోరట.

2019 జూలై 14 మర్చిపోయినట్టున్నారు. క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ టై, సూపర్ ఓవరూ టై, అదే రోజు జొకోవిచ్, ఫెదరర్‌ల వింబుల్డన్ ఫైనల్ 4 గంటల 57 నిమిషాలు సాగింది. రిమోట్ కోసం జుట్టూ జుట్టూ పట్టుకోవడం ఒక్కటే తక్కువ మాకు.

పోనీ సినిమా చూసొచ్చి రికార్డింగ్ చూద్దామా అంటే, కిందటిసారి ఇంటర్వెల్‌లో వెనక సీటతను ఫోన్ చూస్తూ "అయ్యో, ఓడిపోయారు" అన్నాడు. అంతే, సెకండాఫ్‌లో కథేమిటో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

స్కోరు తెలియకుండా తర్వాత చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఫోన్ స్విచాఫ్ చేస్తే సరిపోతుందా, గ్రూపుల్లోంచి కూడా బయటికి రావాలా? లేదంటే సినిమాని సోమవారానికి జరపడానికి వీళ్లని ఒప్పించే మాట ఒకటి చెప్పండి, బతిమాలడం తప్ప. అది ఆల్రెడీ అయిపోయింది.