రాయబారం అయ్యాక కృష్ణుడి దగ్గరికి వెళ్ళాం. మీరెవరైనా ఇలా కలిశారా?

కొబ్బరాకు నీడ:

మొన్న శనివారం రాత్రి సంగతి. పద్యనాటకాల పిచ్చి ఉన్నవాళ్ళు ఇక్కడ ఇంకెవరైనా ఉంటే తేలతారని కూడా రాస్తున్నాను.

మాది మలికిపురం దగ్గర. భీమవరం అవతల ఒక ఊళ్ళో అమ్మవారి జాతరకి కురుక్షేత్రం పెట్టారని వాట్సాప్‌లో కరపత్రం వచ్చింది. అందులో ముగ్గురు కృష్ణులు. పడక సీనుకి (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చే సీను) ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఇంకొకరు. ఆ రెండో కృష్ణుడు ఉన్నాడే, ఆయన కోసం ఇంటర్ చదివే రోజుల నుంచి ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాను. పేరు రాయను, ఆయన్ని అడగకుండా ఇక్కడ పెడితే బాగోదు. తెలిసినవాళ్ళు ఎలాగూ పట్టేస్తారు.

రెండు బండ్ల మీద నలుగురం బయల్దేరాం. నేను, రొయ్యల చెరువులు చేసే మా బావ, హైదరాబాద్ నుంచి సెలవుకి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఫ్రెండు, వాడి తమ్ముడు. నరసాపురం రేవు దాటి పోతే వచ్చేటప్పుడు ఆ వేళకి గోదావరి దాటించే పంటు ఉండదు కదా. అందుకని చించినాడ వంతెన మీంచే పోయాం. పాలకొల్లులో టిఫిన్. 10 గంటలకి అన్న నాటకం 11 దాటాక మొదలైంది. అది మామూలే.

పడక సీను సగంలోనే సాఫ్ట్‌వేర్ వాడు గోనెపట్టా మీద పడి నిద్రపోయాడు. రాయబారం వచ్చేసరికి 2 దాటింది. కృష్ణుడు సభలోకి వచ్చి, హార్మోనియం వైపు ఒక్కసారి చూసి గొంతెత్తాడు. నాకు వర్ణించడం రాదు. వెనకాల జీళ్ళు అమ్ముకుంటున్న ముసలాయన త్రాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు, అంతే చెప్పగలను. “వన్స్ మోర్” అని అరిచింది నేనే. ఆయన మళ్ళీ పాడాడు, ఈసారి రాగం మార్చి.

సీను అయ్యాక మా బావ “పదరా, కలిసొద్దాం” అన్నాడు. గ్రీన్‌రూమ్ అంటే ఎలిమెంటరీ స్కూలు గది. ఏం చెప్పాలో దారిలోనే తయారుచేసుకున్నాను. “మా తాతయ్య మీ పద్యం విని కళ్ళు తుడుచుకునేవారండి” అని. నిజం కూడాను. తీరా లోపలికి వెళ్తే కృష్ణుడు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని, సగం నీలం సగం మామూలు మొహంతో ఫోన్‌లో అరుస్తున్నాడు. “కరెంటు పోయి ఎంతసేపయింది? జనరేటర్ వెయ్యలేదేం? రొయ్య పైకి తేలిందా?”

పగలు ఆయన చెరువుల మీద గుమాస్తా అట. ఇన్నేళ్ళలో నాకు తెలియదు.

నేను నోరు తెరిచేలోపే మా బావ అందుకున్నాడు. “ఎన్ని ఏరేటర్లండి? వనామీయేనా?” అని. ఇంక చూడండి, ఇరవై నిమిషాలు తెల్లవారుజామున ఆక్సిజన్ ఎలా పడిపోతుంది, మేత ఎంత తగ్గించాలి, వైట్ స్పాట్ జబ్బు ఎవరి చెరువుకి వచ్చింది, ఇవే. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ కిరీటం నా చేతిలో పెట్టాడు. అట్ట, అద్దప్పెంకులు, వెనకాల ఎలాస్టిక్. ఇంత తేలికా అనిపించింది. చివరికి ఆయనే “తమ్ముడు మాట్లాడడా?” అని అడిగితే “బాగుందండి” అన్నాను. 14 ఏళ్ళ అభిమానానికి ఒక్క ముక్క.

మీరెవరైనా కలిశారా? ఎప్పుడు వెళ్ళాలి, ఏం మాట్లాడాలి? ఆయన మళ్ళీ మా వైపు వస్తున్నాడు.

కాకినాడ జెట్టీ:

మీరు “బాగుందండి” అన్నా అన్నారు. నాకు ఏడేళ్ళప్పుడు మా మావయ్య గ్రీన్‌రూమ్‌కి తీసుకెళ్తే, దుర్యోధనుడు గద పక్కన పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. నేను ఏడుపు లంకించుకున్నాను. “ఊరుకో అబ్బాయ్, యుద్ధానికి ఇంకా గంట టైముంది” అన్నాడాయన. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో వాడతాం, బస్సుకి తొందరపడేవాళ్ళ మీద.

నాటకాల మాట వస్తే మా తాతయ్య మాత్రం యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ దగ్గర మొదలుపెట్టేవారు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి సినిమాల్లోకి వెళ్ళకముందు కాకినాడలో ఆ క్లబ్ నాటకాల్లో వేసినవాళ్ళే. తాతయ్య లెక్కలో వాళ్ళు మద్రాసుకి ట్రాన్స్‌ఫర్ అయ్యారంతే, అసలు ఉద్యోగం ఇక్కడే.

హార్మోనిస్టు గారబ్బాయి:

మా నాన్నగారు నాటకాలకి కాలు హార్మోనియం వాయించేవారు. చిన్నప్పుడు నా నిద్రంతా ఆ పెట్టె వెనకే. కాబట్టి ఈ విషయంలో కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపికుంటే చదవండి.

నాటకం ముందు వెళ్ళొద్దు. అభిమానులు చేసే మొదటి తప్పు అదే. రంగు వేసుకోవాలి, నగలు కట్టించుకోవాలి, హార్మోనిస్టుతో శృతి మాట్లాడుకోవాలి. కాంట్రాక్టు నాటకాలకి రిహార్సల్ అంటూ ఉండదు, ఒక్కొక్కరు ఒక్కో ఊరి నుంచి దిగుతారు. ఎవరు ఎంత శృతిలో పాడతారు, ఏ పద్యం వదిలేస్తారు, ఏ పద్యానికి ఏ రాగం, అన్నీ ఆ గంటలోనే తేలాలి. అప్పుడు వేడినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. ఒకాయన ప్రేమకొద్దీ పూతరేకులు తెచ్చి తినిపించాడు. మొహమాటానికి నోట్లో వేసుకున్న అర్జునుడు పంచదార పొడి గొంతుకి పట్టి పడక సీనంతా దగ్గాడు. మా నాన్నగారు ఆ దగ్గుల మధ్య ఖాళీలన్నీ వాయించి నింపారు.

వెళ్తే రంగు తుడుచుకునేటప్పుడు వెళ్ళండి. కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడుస్తారు, చాలాసేపు పడుతుంది. చేతులకి పని ఉంటుంది, నోరు ఖాళీగా ఉంటుంది. కబుర్లకి అంతకంటే మంచి సమయం లేదు. స్వీట్లు వద్దు. మీది కోనసీమే కదా, ఒక సీసా మంచి కొబ్బరినూనె పట్టుకెళ్ళండి.

ఇంకోటి. నోటు పిన్నీసుతో గుండె మీద గుచ్చకండి. ఆ డ్రస్సు అద్దెది. చిల్లుపడితే డ్రస్సుల వాళ్ళు ఆర్టిస్టునే అడుగుతారు. చేతికివ్వండి, లేదా మైకులో చదివించండి.

వన్స్ మోర్ అరిచింది మీరే అన్నారు, సంతోషం. కాకపోతే రెండోసారి పాడినప్పుడు ఊపిరి ఖర్చు రెండింతలు. సీను చివరి పద్యానికి అడిగితే ఆనందంగా పాడతారు. మొదటి పద్యానికే అడిగితే నవ్వుతూ పాడతారు గానీ, మిగతా సీనంతా దాచుకుని పాడతారు. అది మీకు తెలియదు, హార్మోనిస్టుకి తెలుస్తుంది.

కడియం నర్సరీ:

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేనొకటి అంటాను, తిట్టుకోకండి. ఒక్క నాటకానికి ముగ్గురు కృష్ణులేమిటండీ? పడక మీంచి లేచిన కృష్ణుడు బొద్దుగా ఉంటాడు, రాయబారానికి వెళ్ళేసరికి చిక్కిపోతాడు. హస్తినాపురం అంత దూరమా?

అసలు బాధ అది కూడా కాదు. ఆ పద్యాలు రాసిన జంట, తిరుపతి వెంకట కవులు, మన డెల్టావాళ్ళే. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు 1870లో మా కడియంలో పుట్టారు, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1872లో భీమవరం దగ్గర యండగండిలో. బావమరదులు ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంటాయి ఆ పద్యాలు. చదువురాని వాళ్ళకి కూడా నోటికి వచ్చాయంటే అందుకే. ఇప్పుడు పద్యం ఒక నిమిషం, ఆలాపన ఆరు నిమిషాలు. ఆ చివరికి వచ్చేసరికి కృష్ణుడు ఏం అడిగాడో ధృతరాష్ట్రుడికే గుర్తుండదు.

ఈ మాట ఒక నటుడి దగ్గరికి వెళ్ళి మొహం మీదే అన్నాను. ఆయన కోప్పడలేదు. “మీరు మొదటి వరసలో కూర్చున్నారు, మీకు మాట వినబడుతుంది. ఆలాపన ఆపి చూడమంటారా, వెనక వరసలవాళ్ళు మిక్చర్ పొట్లాల దగ్గరికి లేచిపోతారు” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. అలాగని ఒప్పుకోనూ లేదు.

హార్మోనిస్టు గారబ్బాయి:

నర్సరీ గారూ, మైకులు లేని రోజుల్లో వెనక వరసకి మాట చేరకపోయినా రాగం చేరేది. అలవాటు అక్కడిది. మైకు వచ్చింది, అలవాటు పోలేదు. ఈలపాట రఘురామయ్య గారు కృష్ణుడిగా నోట్లో వేలు పెట్టి ఈల వేసి పద్యం వినిపించేవారు. అది ఏ శాస్త్రంలో ఉంది చెప్పండి? జనం దానికోసమే వచ్చారు. పీసపాటి నరసింహమూర్తి గారిది వేరే దారి, ఆయన కృష్ణుడిలో మాట ముందు. మా నాన్నగారికి ఇద్దరూ ఇష్టమే. మీరూ ఇద్దరికీ చోటివ్వండి.

ఖండవల్లి కోడలు:

మాది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు పుట్టిన ఊరు. నాటకాల మీద మాట్లాడే హక్కు ఆ ఊరికి కోడలుగా వచ్చినందుకే నాకు వచ్చిందని మావారు వెక్కిరిస్తారు.

నేను కలిసింది ఒక చంద్రమతిని. హరిశ్చంద్ర నాటకం, నేనూ మా తోడికోడలూ వెళ్ళాం. మొదలవడానికి కొంచెం ముందే లోపలికి వెళ్ళాం, పై నియమం అప్పుడు మాకు తెలియదు. ఆవిడ జడ వేసుకుంటూ మమ్మల్నే అడిగింది: “ఇవాళ హరిశ్చంద్రుడు ఎవరమ్మా?” నాకు నవ్వాగలేదు. మరో గంటలో ఆయన ఆవిణ్ణి కాశీలో అమ్మెయ్యాలి, ఆయనెవరో ఈవిడకి తెలియదు. తీరా చూస్తే కాటిసీనులో ఆ ఇద్దరూ ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినట్టే ఏడిపించారు. కాటిసీను పద్యాల్లో కొన్ని నాటకం రాసిన బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారి శ్మశానం పద్యాలు. నటులే తెచ్చి కలుపుకున్నారు. అతుకు ఎక్కడుందో కనబడదు.

ఒక్క మాట మగవాళ్ళకి. మేం మాట్లాడుతుండగానే నలుగురు కుర్రాళ్ళు తలుపు కొట్టకుండా తోసుకొచ్చి సెల్ఫీలన్నారు. ఆవిడ చీర పిన్ను సర్దుకుంటోంది. చాలా ఊళ్ళలో ఆడవాళ్ళకి విడిగా గది ఉండదు, ఒక దుప్పటి అడ్డం కడతారు. ఆ దుప్పటిని గోడ అనుకోండి. స్థానం నరసింహారావు గారి కాలంలో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు కాబట్టి దుప్పటి అక్కర్లేకపోయింది. ఇప్పుడు కావాలి.

వశిష్ట ఒడ్డు:

సినిమావాళ్ళని చూసింది రాయొచ్చా? కుమారదేవం చెట్టు కింద షూటింగ్ అంటే కొవ్వూరు నుంచి సైకిలేసుకుని పోయేవాళ్ళం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడితే హీరో గొడుగు కనబడింది. హీరో కనబడలేదు. ఆ చెట్టు కూడా 2024 ఆగస్టులో పడిపోయింది.

కొబ్బరాకు నీడ:

ఒడ్డు గారూ, గొడుగు కథ బాగుంది, దానికి వేరే చర్చ పెట్టండి, మేమందరం వస్తాం.

నిన్న రాత్రి మళ్ళీ కలిశాను, అది చెప్పడానికి వచ్చాను. ఈసారి రాజోలు వైపే, మా బావా నేనూ వెళ్ళాం. సాఫ్ట్‌వేర్ వాడు వీడియో కాల్‌లో వస్తానన్నాడు, వద్దన్నాను. హార్మోనిస్టు గారబ్బాయి చెప్పినట్టు గానుగ నూనె ఒక లీటరు పట్టుకెళ్ళాను. సీను అయ్యాక పావుగంట ఆగి, తలుపు కొట్టి లోపలికి వెళ్ళాను. ఆయన మూత తీసి వాసన చూసి, “ఇది మొహానికి ఎందుకు, కూరలోకి దాచుకుంటాను. అన్నట్టు నువ్వు కిరీటం తమ్ముడివి కదూ” అన్నాడు. మా బావని మాత్రం పేరుతో పిలిచాడు. ఆ రోజు రొయ్య దక్కిందట, జనరేటర్ అందుకుందట.

రంగు తుడుచుకుంటుంటే చెప్పేశాను, ఆపకుండా, మా తాతయ్య సంగతి. ఏ ఊళ్ళో చూసేవాళ్ళం, ఆయన తువ్వాలుతో కళ్ళు ఎలా తుడుచుకునేవారు, మర్నాడు పొలంలో ఆ పద్యమే ఎలా తీసేవారు, అన్నీ. ఆయన గుడ్డ పక్కన పెట్టి విన్నాడు.

“ఏ పద్యం తమ్ముడూ?” అన్నాడు.

చెప్పాను. కాసేపు నా మొహం చూసి, మెల్లగా నవ్వాడు. “అది పడక సీనులోది. నేను ఏనాడూ ఆ సీను వెయ్యలేదు. మీ తాతగారు ఏడ్చింది మొదటి కృష్ణుడికి.”

ఇంటికొచ్చి అమ్మని అడిగాను. నిజమేనట. తాతయ్య పడక సీను చూసి నిద్రకి వచ్చేసేవారట, రాయబారం దాకా మేలుకుని ఉండేది నేనట. రెండూ కలిపేసుకుని ఇన్నేళ్ళు తిరిగాను. రెండో కృష్ణుడి మీద ఇష్టమేమీ తగ్గలేదు. కానీ ఇప్పుడు ఆ మొదటాయన ఎవరో, ఇంకా వేషం కడుతున్నాడో లేదో తెలుసుకోవాలని ఉంది. 2008, 2009 ప్రాంతంలో రాజోలు, మలికిపురం వైపు తీర్థాలకి వచ్చేవాడు. పొట్టిగా ఉండేవాడు, ఎడమ చేత్తో పిల్లనగ్రోవి పట్టుకునేవాడు. హార్మోనిస్టు గారబ్బాయి గారూ, మీ నాన్నగారికి తెలుసేమో ఒకసారి అడగరూ?

హార్మోనిస్టు గారబ్బాయి:

అడిగాను. ఆ వైపు అప్పట్లో ఎడమచేతి కృష్ణులు ఇద్దరు తిరిగేవారట. ఆయన పద్యం ఎత్తుకునే ముందు గొంతు సవరించుకునేవాడా, లేక హార్మోనియం మీద రెండు వేళ్ళు కొట్టేవాడా అని అడుగుతున్నారు. మీ అమ్మగారిని కనుక్కుని చెప్పండి.