సమస్య: ఇంటిలోన పంది యింపు గూర్చు

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. చీనా లిపిని ఆధారంగా చేసుకుని పూరించండి. పైన చుక్క, ఎడమన చిన్న దించుగీత, కుడికి సాగి కొక్కెంలా వంగే అడ్డగీత: ఇది ఇంటికప్పు గుర్తు. 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువులోని 214 శీర్షికల్లో నలభయ్యోది. ఇప్పుడు ఒంటరిగా వాడరు, మన తలకట్టులా మరో గుర్తు నెత్తిన కూర్చుంటుంది. చీనావారు దీన్ని ‘నిధి మీది మూత’ అంటారు. చుక్క తీసేస్తే ‘బోడి మూత’!

బాలకవి:
చీనవారు కప్పు చిత్రించి పందిని
దాని నీడ నిలిపి ధామ మనిరి
గీత చదువ నేర్వ కిటుకు బోధపడును
ఇంటిలోన పంది యింపు గూర్చు

నిర్వాహకుడు: బాగుంది. మీరు మొదట పెట్టిన ‘కప్పు గీసి దాని కింద సూకరమును’లో యతి తప్పింది. క-కిం హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు.

పాతకాపు:
కోర మీద భూమి కూర్చిన విష్ణువు
పటమునందు గోడ పైన నిలువ
మొక్కువారి కెల్ల ముదమె గాదా మరి
ఇంటిలోన పంది యింపు గూర్చు

నిర్వాహకుడు: వరాహస్వామిని అడ్డుపెట్టుకుని తప్పించుకున్నారు. చీనా లిపి ఏదండీ?

లేఖిని:
కప్పు కింద నాతి కనబడ శాంతియౌ
ఎద్దు నిలుప చెరగ నెంచినారు
చంటిపాప పండ చక్కని వర్ణమౌ
ఇంటిలోన పంది యింపు గూర్చు

బాలకవి: మూడో పాదం అద్భుతం. ‘అక్షరం’ అనే అక్షరంలోనే కప్పు కింద పిల్లవాడున్నాడు, దాని తొలి అర్థం కనడం, పెంచడం. ‘చెర’ అనే అక్షరంలోని ఎద్దు దగ్గరే పేచీ. ఎముకల మీది పాత రాతల్లో దాని చుట్టూ ఉన్నది దొడ్డి, కప్పు కాదు. నిఘంటువులో కూడా ఆ అక్షరాన్ని ఎద్దు కిందే వెతకాలి, పిల్లవాడి అక్షరాన్ని పిల్లవాడి కింద.

లేఖిని: ఒప్పుకున్నాను. మరి మీ పంది? క్రీ.శ. 100 ప్రాంతంలో 540 శీర్షికలతో నిఘంటువు కూర్చిన షూ షెన్, అది మగపంది అనే అక్షరానికి కుదింపు అన్నాడు, ఉచ్చారణ చూపడానికే పెట్టారట. ఇల్లు ‘జ్యా’, మగపంది కూడా ‘జ్యా’. ఇంటి కింద పందులను కట్టేవారన్న కథ చెప్పేవారూ ఉన్నారనుకోండి.

నిర్వాహకుడు: షూ షెన్ మాటే నిజమైతే ఇంట్లో ఉన్నది పంది కాదు, దాని పేరు!

పాతకాపు: అయితే మిగిలింది మా స్వామి ఒక్కడే కదండీ.

నిర్వాహకుడు: మిగిలాడు. మార్కులు మాత్రం లేఖిని గారికే.